రెండు కొమ్మల మేనత్త

జీతం చేతికొచ్చిన కొత్తలో కొందరికి బండి పిచ్చి పడుతుంది, కొందరికి బట్టల పిచ్చి. నాకు మాత్రం తెలిసిన సంగతులన్నీ కంప్యూటర్లో పటంగా గీసి పెట్టుకోవాలన్న పిచ్చి పట్టింది. మధ్యలో ఒక గడి, దాన్నుంచి కొమ్మలు, కొమ్మలకు పిల్లకొమ్మలు, అలా గీసిపెట్టే సాఫ్ట్‌వేర్లు ఉంటాయి. రేణిగుంట గోదాము ఆఫీసులో ఒక కంప్యూటరు, తిరుపతిలో నా అద్దెగదిలో పాత ల్యాప్‌టాప్, చిత్తూరు ఇంట్లో అక్క కంప్యూటరు. మూడింట్లోనూ ఒకే పటం కనబడాలి, ఒకచోట మారిస్తే మిగతా చోట్ల దానంతటదే మారిపోవాలి. అందుకోసం నేను పడిన పాట్లు పెళ్లిసంబంధాలు వెతికేవాళ్లు కూడా పడి ఉండరు. ఒకటి చూడముచ్చటగా ఉండేది గానీ తెలుగు రాస్తే ఒత్తులన్నీ ఊడి పక్కన పడేవి. ఇంకొకటి ఉన్న కంప్యూటర్ను వదిలి కదలనని మొండికేసేది. చివరికి ఒకటి కుదిరింది. (పటంలో పెట్టేటంత విషయం నా బుర్రలో లేదని అప్పుడు తెలిసింది.)

సరిగ్గా ఆ సమయానికి అక్క పెళ్లి కుదిరింది. మా వైపు పెళ్లికి పిలవడమంటే పత్రిక పంపి ఊరుకోవడం కాదు. ఇంటికి వెళ్లాలి, బొట్టుపెట్టాలి, నోరారా పిలవాలి. ఇంటి ఆడబిడ్డనైతే చీర పెట్టి మరీ పిలవాలి. ఒక్కరిని మరిచినా ఏళ్ల తరబడి మాటలుండవు. నాయన ఇవన్నీ తలలోనే పెట్టుకుని తిరిగే మనిషి. "నువ్వు తల పాడుచేసుకోవద్దు నాయనా, ఎవరింటికి పోవాల్నో పటమే చెప్తాది" అన్నాను. చదువుకున్న కొడుకు మాట మీద ఆయనకు ఎంత నమ్మకమంటే, "అట్లయితే సరేప్పా" అని మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు. బంధువులందరినీ నేనూ అక్కా చెరోచోట కూర్చుని కొమ్మలకు ఎక్కించాము.

చిక్కంతా మా మేనత్త దగ్గర వచ్చింది. ఆమె నాయనకు ఒక్కగానొక్క చెల్లెలు. మా ఇంట్లో కుండమార్పిడి పెళ్లిళ్లు, అంటే నాయన అమ్మను చేసుకుంటే, అమ్మ తమ్ముడు నాయన చెల్లెల్ని చేసుకున్నాడు. కాబట్టి నేను అత్తను నాయన కొమ్మ కింద చెల్లెలిగా పెట్టాను. అక్కేమో అమ్మ కొమ్మ కింద, మామకు భార్యగా పెట్టింది. ఒకరోజు పటంలో అత్త రెండుచోట్ల కనబడింది. అక్క మామ పక్కన పెట్టింది కదా, చాలులే అని నేను పెట్టినదాన్ని తీసేశాను. అదే రోజు చిత్తూరులో నెట్ పోయి ఉంది. తమ్ముడు నాయన పక్కన పెట్టాడు కదా, చాలులే అని అక్క తను పెట్టినదాన్ని తీసేసింది. (ఫోను చేసి ఒక మాట అడగవచ్చు కదా అంటారు. సాఫ్ట్‌వేరు ఉండగా ఫోనెందుకు?) నెట్ రాగానే కంప్యూటర్లన్నీ బుద్ధిగా మాట్లాడుకుని, ఇద్దరి మాటా మన్నించి, అత్తను రెండుచోట్లా లేకుండా చేశాయి.

పిలుపులకు బయలుదేరేటప్పుడు "మీ అత్తనెవురు పిలుస్తారప్పా?" అని నాయన ఫోన్లో అడగనే అడిగాడు. "అమ్మ కొమ్మలో ఉండాది నాయనా, అమ్మ పుట్టింటోళ్లను పిలిచేటప్పుడు పిలుస్తాది" అన్నాను. చిత్తూరు ఇంట్లో అమ్మ అడిగితే అక్క, "ఆమె నాయన కొమ్మలో ఉండాది" అందట. ఇద్దరూ నిశ్చింతగా ఊళ్లన్నీ తిరిగి వచ్చారు.

అత్తా మామా ఉండేది తిరుపతిలో, అలిపిరికి పోయే దారిలో. ప్రతి ఆదివారం నా భోజనం అక్కడే. ఇంకో ముద్ద తినమని నా విస్తరి మీద వాలిపోయే అత్త ఆ ఆదివారం అడిగినంతే వడ్డించి లోపలికి వెళ్లిపోయింది. మామ మజ్జిగ పోసుకుంటూ, "చిత్తూర్లో ఎవురిదో పెండ్లంట గదప్పా, నీకేమన్నా తెలుసునా?" అన్నాడు.  ఫోను తీసి పటంలో అత్త పేరు వెతికాను. అలాంటివారెవరూ లేరంది. వంటింటి తలుపు సందులోంచి అత్త వీపు కనబడుతోంది. కడిగిన గిన్నెనే మళ్లీ కడుగుతోంది. నాకు ఏడుపొచ్చింది.

విషయం చెప్పగానే నాయన ఫోను పెట్టేశాడు. తిట్టి ఉంటే బాగుండేది. తెల్లవారి మొదటి బస్సుకే అమ్మను తీసుకుని చీర, పసుపుకుంకుమలతో తిరుపతిలో దిగాడు, నేనూ వెంట వెళ్లాను. అత్త గడపలోనే నిలబడి, "రాన్నా. ఏ తరపున వచ్చినారు?" అంది.

నేను కొమ్మలు, కంప్యూటర్లు అంటూ ఏదో చెప్పబోయాను. నాయన చెయ్యి అడ్డం పెట్టాడు. "నాకు తరపులు తెలీవమ్మీ. నువ్వు ముందర నిలబడకుంటే నా బిడ్డ పెండ్లి నేను చెయ్యలేను" అన్నాడు.   అత్త కొంగుతో కళ్లు తుడుచుకుని అమ్మ వైపు తిరిగి, "వదినా, అన్న తరపున అన్న పిలిచినాడు. మీ తరపున నువ్వు గూడా పిలువు. మా ఆయనకు గూడా మర్యాదుండాది గదా" అంది. అమ్మ ఇంకోసారి బొట్టుపెట్టింది. "సీర ఒగటే తెచ్చినట్టుండారే?" అని అత్త అనేసరికి లోపలి నుంచి మామ పకపకా నవ్వాడు. పెళ్లిలో అక్కకు రెండు వైపుల లాంఛనాలూ ఆమే దగ్గరుండి జరిపించింది.

ఇప్పుడు నా దగ్గరున్న సాఫ్ట్‌వేర్లో ఒక మనిషిని ఎన్ని కొమ్మలకైనా కట్టవచ్చు. అత్తను ఆరు చోట్ల కట్టి ఉంచాను. అయినా ఇంట్లో శుభకార్యం అనుకోగానే ముందు ఆమెకే ఫోను చేస్తాను. ఎవరెవర్ని పిలవాలో అరగంట చెప్పి, చివర్లో, "నన్ను పిలిచినట్టేనా మరి?" అంటుంది. "ఫోన్లో కాదత్తా, వస్తుండా" అంటాను. మూడు కంప్యూటర్ల మధ్య మనుషుల్ని సర్దిపెట్టగలననుకున్న ఆ కుర్రవాణ్ణి తలుచుకుని నవ్వుకుంటూ, చీర కొనడానికి బయలుదేరతాను.