నూర్పిడి మిషన్ దగ్గర నేను దాచిన మాట

నా చిన్నప్పుడు మా పొన్నూరు వైపు పల్లెల్లో వరికుప్ప నూర్చాలంటే ఎడ్లే దిక్కు. కళ్ళంలో పనలు పరిచి, ఎడ్లను వరసగా కట్టి గుండ్రంగా తొక్కించేవారు. ఆ తరువాత గాలి కోసం కాచుకుని, చేటలతో తూర్పార పట్టేవారు. మా పొలంలో కోత నుంచి తూర్పార దాకా ఒకే ఆడవాళ్ళ ముఠా పనిచేసేది. ఆ ముఠాను నడిపే ఆవిడను ఊరంతా మేస్త్రమ్మ అనేది. ఆమె కొడవలి పట్టి వంగిందంటే మళ్ళీ గట్టు చేరేదాకా నడుము ఎత్తేది కాదు. పక్క చేలో కోసే మగవాళ్ళు కూడా వెనకబడేవారు.

నాకు పదేళ్ళున్నప్పుడు మా నాన్న నూర్పిడి మిషన్ బాడుగకు తెప్పించారు. మా ఊళ్ళోకి వచ్చిన మొదటి మిషన్ అదే. ట్రాక్టరుకు బెల్టు తగిలించి తిప్పేవారు. ముందున్న నోట్లోకి వరికట్టలు అందిస్తే కిందికి గింజలు రాలేవి, వెనక నుంచి గడ్డి ఎగిరిపడేది. జనం పనులు మానుకుని చూడ్డానికొచ్చారు. మేస్త్రమ్మ కాసేపు చూసి, "సగం పని ఇదే మింగేసిందయ్యా" అంది నాన్నతో. ఆయన నవ్వి, "నీకు పనెక్కడికి పోతుంది? కట్టలు నువ్వే అందించు" అన్నారు.

మిషన్ దరిదాపులకు పోవద్దని అమ్మ నాకు గట్టిగా చెప్పింది. నేనేమో అప్పటికే బడిలో గొప్పలు పోయి ఉన్నాను, మా మిషన్‌కు నేనే కట్టలు అందిస్తానని. రెండో రోజు మధ్యాహ్నం మిగతా కూలీలంతా అన్నాలకు వెళ్ళారు. నాన్న, డ్రైవరు ట్రాక్టరు అవతల మాట్లాడుకుంటున్నారు. తిరుగుతున్న మిషన్ దగ్గర మేస్త్రమ్మ ఒక్కతే కట్టలు అందిస్తోంది. ధూళి పొగలా కమ్మేసింది. నేను వెనకనుంచి వెళ్ళి ఒక కట్ట ఎత్తి ఆ నోట్లోకి తోశాను.

కట్టకున్న గడ్డితాడు నా గాజుల్లో చిక్కుకుంది. కట్టతో పాటు నా చెయ్యి కూడా లోపలికి పోతోంది. అరిచానో లేదో కూడా గుర్తు లేదు, ఆ చప్పుడులో ఎవరికి వినబడుతుంది? మేస్త్రమ్మ ఒక చేత్తో నా మోచెయ్యి పట్టుకుని, రెండో చేత్తో ఆ తాడు తెంచి, నన్ను వెనక్కి విసిరేసింది. గాజులు పగిలి నేను గడ్డిలో పడ్డాను. ఆమె కుడిచెయ్యి మాత్రం సమయానికి బయటికి రాలేదు. రెండు వేళ్ళు పోయాయి.

ఆమె కేక విని డ్రైవరు ఇంజను ఆపాడు. నాన్న పరిగెత్తుకొచ్చారు. తన తువ్వాలు ఆమె చేతికి చుడుతూనే, కంగారులో కోపం పట్టలేక, "ధ్యాస ఎక్కడ పెట్టావే! నీ మీద నమ్మకంతోనే కదా నిలబెట్టింది!" అని అరిచారు. ఆమె నావైపు చూసింది. నేను గడ్డిలో ముడుచుకుని కూర్చున్నాను. "నాదే పరధ్యానమయ్యా" అంది.

నేను నోరు విప్పలేదు.

నాన్న ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్ళారు, గాయం మానేదాకా చూసుకున్నారు. కానీ మరుసటి ఏడు కోతలకు ఆమె రాలేదు. ఆ చేతిలో కొడవలి నిలవడం లేదట. ముఠా వేరే ఆవిడ చేతికి పోయింది. పరధ్యానం మనిషి అన్న మాట ఊళ్ళో అలాగే ఉండిపోయింది. రోజూ చెప్పేద్దామనుకుంటూనే పెద్దదాన్నయ్యాను.

పెళ్ళయ్యాక ఒకసారి చంటిదాన్ని ఎత్తుకుని పుట్టింటికి వస్తుంటే, పొన్నూరు బస్టాండులో ఆకుకూరల గంప పక్కన మేస్త్రమ్మ కనిపించింది. నన్ను చూడగానే గుర్తుపట్టింది. నా మణికట్టు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "దెబ్బేం మిగల్లేదు కదా పాపా?" అనడిగింది. అన్నేళ్ళ తరువాత ఆమె అడిగిన మొదటి మాట అది. నేను చంటిదాన్ని భుజం మార్చుకున్నాను. ఇంతలో మా బస్సొచ్చింది. "వస్తా" అని మాత్రం అన్నాను. మరుసటి ఏడు ఆమె కోసమే ఊరు వెళ్ళాను. అప్పటికి ఆమె పోయి రెండు నెలలైంది.

ఆ రోజే నాన్నకు జరిగిందంతా చెప్పాను. ఆయన, "ఆవిణ్ణి తిట్టానే తల్లీ! అప్పుడే చెప్పి ఉంటే కాళ్ళ మీద పడేవాణ్ణి కదా" అన్నారు.

ఇప్పుడు మా పొలంలోకి కోత మిషన్ దిగితే కోయడం, నూర్చడం, తూర్పార పట్టడం అన్నీ అదే చేసేస్తోంది. కొడవలి పట్టేవాళ్ళే లేరు. ఎకరం పూర్తయ్యేదాకా నేను గట్టు మీదే నిలబడి ఉంటాను, చుట్టుపక్కల పిల్లలెవరూ దగ్గరికి పోకుండా. ఇంట్లో చిన్న గ్లాసు పగిలినా, నా చేతిలోంచి జారితే నాదే తప్పని ఎవరూ అడక్కముందే చెప్పేస్తాను. "దీనికింత హడావుడి ఎందుకత్తయ్యా" అని కోడలు నవ్వుతుంది. నేనూ నవ్వి ఊరుకుంటాను. ఎన్నిసార్లు ఎంతమందికి చెప్పుకున్నా, ఆ మాట వినాల్సిన మనిషి వినకుండానే వెళ్ళిపోయింది.