ఎదుటి పక్క

హెర్నియాతో కర్నూలు బోధనాసుపత్రిలో చేరిన రోజు, నా మంచం కమ్మీకి నల్లదారం ముడులు వరుసగా వేలాడుతూ కనిపించాయి. ఎవరి మొక్కులో అనుకున్నాను.

"మొక్కులు గాదు సార్, నావే," అంది వార్డులో సర్జరీ పీజీ చదువుతున్న అమ్మాయి. కడప దిక్కు పిల్ల. ఆపరేషన్లలో మిగిలిన దారం తెచ్చుకుని, తీరిక దొరికినప్పుడల్లా మంచాలకు ముడులు వేసి సాధన చేస్తుందట.

"చదువు అయిపోవస్తాండాది సార్. తర్వాత నల్లమల దాపున చిన్న ఆస్పత్రికి పోవాల. ఆడ సర్జనంటే నేనొక్కదాన్నే. ఇంతవరకూ ఒక్క ఆపరేషనన్నా మొదట్నుంచి చివరిదాకా నా చేత్తో చెయ్యలేదు. మీది ఇస్తానన్నాడు పెద్దసారు. ఒప్పుకుంటారా?"

"మరి ఇన్నేళ్లూ ఏం చేసినావమ్మా?"

"కొక్కెం పట్టుకున్యా," అని నవ్వింది. కోసినచోట కండను పక్కకు లాగి పట్టే ఇనుప కొక్కెం అది.

"బతుకంతా పత్రిక డెస్కులో విలేకర్ల రాతల్ని కోసినా. ఇప్పుడు నన్ను నువ్వు కొయ్యి తల్లీ," అన్నాను. వైద్య విద్యార్థులకు ప్రత్యక్ష శిక్షణ అనే వార్తలు ఎన్నో దిద్దినవాణ్ని. ఆ ఫొటోల్లో ప్రతి విద్యార్థి చేతిలోనూ కత్తి ఉండేది.

వెన్నుకు సూది వేశాక నడుము కింద మొద్దుబారింది. మెలకువ మాత్రం ఉంది. ముఖానికి అడ్డంగా పచ్చగుడ్డ కట్టారు. ఇక అంతా వినడమే.

"ఏమ్మా, ఆ పక్క ఎందుకు నిలబడినావు? కొయ్యాల్సింది నువ్వు గదా. ఈ పక్కకు రా," అంది పెద్ద డాక్టరు గొంతు.

"అలవాటులో పోయినా సార్."

నా తల వెనకనుంచి అడుగులు ఇటు వచ్చాయి. కాసేపు పనిముట్ల చప్పుడు.

"ముడి ఇట్ల తిరగేసి యాడ నేర్చుకున్యావు?"

"మీ చేతులు చూసే సార్. ఎదుటి పక్కనుంచి."

"మెల్లగప్పా, ఆయనకు మెలకువుండాది," అన్నాడు మత్తు డాక్టరు.

పెద్దాయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "బయట ఇంకా శానామంది ఉండారమ్మా. ఇట్లియ్యి. ఇంకోసారి చేద్దువులే." అడుగులు మళ్లీ నా తల వెనకనుంచే ఎదుటి పక్కకు పోయాయి.

మర్నాడు కట్టు మార్చుతూ, "చర్మం మీద చివరి కుట్టు నాదే సార్," అంది. చదువు ముగిసేదాకా ఆ ఇంకోసారి ఆమెకు రాలేదని తర్వాత నర్సు చెప్పింది.

కొన్ని నెలలకు కుట్లేసిన చోట నొప్పిగా ఉంటే చూపించుకోవడానికి వెళ్లాను. ఆపరేషన్ గది బయట బెంచీ మీద ఒక రైతు కూర్చుని ఉన్నాడు. భార్యకు అపెండిక్స్ అట. నల్లమల పక్కనుంచి అంబులెన్సులో తెచ్చాడు.

"మా ఆస్పత్రిలో కొత్త డాక్టరమ్మ ఉండాదప్పా. మంచి మనిషే. చేతులు కడుక్కొని, గ్లౌజులు ఏసుకొని గూడా వచ్చె. తలుపు అద్దంలోంచి చూస్తానే ఉన్యా, బల్లకాడ శానాసేపు అట్లే నిలబడుకొని, కర్నూలుకు తీస్కపోండి అనె. దారిలో లోపల పగిలిందంట."

ఆమె బల్లకు ఏ పక్కన నిలబడిందో అడగాలనిపించింది.

"ఆయమ్మే చేసింటే ఈపాటికి అయిపోయిండునేమో గదప్పా?" అన్నాడు.

అతని భార్య ఉన్న స్ట్రెచర్ లోపలికి పోయింది. దాని వెనకే పెద్ద డాక్టరు, ఆయన వెనక కొత్త పీజీలు. వాళ్లలో ఒకతను కొక్కెం పట్టుకున్నట్టు వేళ్లు అప్పుడే వంచి ఉంచుకున్నాడు.