నోరారా పోగొట్టిన పాయింటు

ముందే చెప్పేస్తున్నాను, ఈ కథలో నేను ఓడిపోతాను. ఒక్కదాన్నే కాదు, మరో పదకొండు మంది ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని మరీ ఓడిపోతాను. ఇందులో బంతి తప్పేమీ లేదు, నెట్టు తప్పూ లేదు. అంతా నా నోటి ఘనకార్యం. చోద్యమేమిటంటే ఆ నోటికే తర్వాత ఒక కప్పు కూడా ఇచ్చారు. అదెలాగని ఇప్పుడే అడక్కండి. చెప్పేదాకా నాకూ కాలు నిలవదు.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. మాది తమిళనాట చిన్నమనూరు. నాన్న కంబం దారిలో ఒకరి ద్రాక్షతోటలో మేస్త్రీ. నేను కోయంబత్తూరు వచ్చి, పీలమేడులో ఒక కాలేజీలో వాలీబాల్ పుణ్యాన సీటు సంపాదించి, హాస్టల్లో ఉంటూ, చదువు తప్ప మిగతావన్నీ శ్రద్ధగా చేస్తుండేదాన్ని. కుదురన్నది నా ఒంట్లో లేదు. క్లాసులో కూర్చుంటే కాలు ఊగేది. కాలు ఆపితే వేళ్ళు బల్ల మీద దరువేసేవి. వేళ్ళు ఆపితే నోరు మొదలయ్యేది. మొదటి రెండింటివల్లా ఎవరికీ నష్టం లేదు.

మా కాలేజీలో ఆటగాళ్ళకు నడవడి నియమాలని మూడు పేజీల కాగితం ఇచ్చేవాళ్ళు. చొక్కా లోపలికి దోపుకోవాలి. ఓడినవాళ్ళ ముందు గంతులు వేయకూడదు. రిఫరీ ఏం చెప్పినా చేతులు వెనక్కి కట్టుకుని వినాలి, ఆయన్ను పల్లెత్తు మాట అనకూడదు. కింద మేమూ మా నాన్నలూ సంతకం పెట్టాలి. మా నాన్న ఆ మూడు పేజీలూ ఓపిగ్గా చదివి నావైపు చూశాడు.

"ఏమ్మే రేణుకా, ఇది రాసినోళ్ళు నిన్ను ముందే చూసుండారా?"

ఆ కాగితాలకు కాపలా మా పీడీ మేడమ్. పీడీ అంటే ఫిజికల్ డైరెక్టర్, మా ఆటలకూ మా ప్రాణాలకూ ఆవిడే అధికారి. ఆవిడ దగ్గర ఒక ఎర్ర పెన్ను ఉండేది. నా పేరు పక్కన అప్పటికే రెండు ఎర్ర గీతలు పడ్డాయి. అవతలి జట్టు పిల్ల కొట్టిన సర్వీసు వాళ్ళ కెప్టెన్ వీపుకే తగిలితే నేను నేల మీద కూర్చుని నవ్వినందుకు ఒకటి. లైను దగ్గర నిలబడ్డ ఒక పెద్దమనిషిని "కళ్ళద్దాలు ఇంట్లో పెట్టి వచ్చారా సార్?" అని చక్కటి తమిళంలో అడిగినందుకు రెండోది.

"మూడో గీత పడిందో, జట్టులో నీ పేరుండదు" అన్నారు మేడమ్. "జట్టులో లేకపోతే సీటుండదు. సీటు లేకపోతే హాస్టలుండదు. అర్థమైందా?"

అర్థమైంది. ఆ మూడూ లేకపోతే నాకు మిగిలేది ద్రాక్షతోట. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా మెడ పైకెత్తి తీగలు కట్టుకోవడం. అందుకే ఆ రోజునుంచి ఆటలో తమిళం నోట రానివ్వకూడదని నిశ్చయించుకున్నాను. మరి నోరు ఊరుకుంటుందా? నాలాగే తెలివైనది కదా, అది వేరే దారి చూసుకుంది.

మా అవ్వ చూపించిన దారే అది. మాకు బయట తమిళం, ఇంట్లో తెలుగు. ఎన్ని తరాలుగానో మా అవ్వకే తెలియదు. అయితే అవ్వ ఆ ఇంటి తెలుగును చేతిసంచిలో పెట్టుకుని అంగడికి కూడా తీసుకెళ్ళేది. చీరలంగట్లో అంగడాయన ఎదుటే నా చెవి దగ్గరకు కూడా రాకుండా, మామూలు గొంతుతో, "బట్ట బంగారంగా ఉండాది. వానికి తెలియనీయొద్దు, మొగం చేదు తిన్నట్టు పెట్టు" అనేది. ఆయన నవ్వుతూ ఇంకో చీర విప్పేవాడు. మేం మాట్లాడేది మాకు తప్ప ఎవరికీ తెలియదని నాకు ఊహ తెలిసినప్పటినుంచీ గట్టి నమ్మకం. కోయంబత్తూరులో వీధి వీధికీ తెలుగిళ్ళున్నాయని తెలుసు. మా జట్టులోనే ఒక తెలుగింటి పిల్ల ఉంది. అయినా ఆ నమ్మకం చెక్కుచెదరలేదు. ఎందుకంటే అది ఆలోచించి పెట్టుకున్నది కాదు.

ఆ పిల్ల పేరు కస్తూరి. పుట్టిందీ పెరిగిందీ పీలమేడులోనే. నాకు బంతి ఎత్తి ఇచ్చేది తనే. ఆట మధ్యలో "వెనక", "పొట్టిగా ఇయ్యి", "పైకెత్తు" అని తెలుగులోనే చెప్పుకునేవాళ్ళం. అవతలి జట్టు తెల్లమొహం వేసేది. మేడమ్‌కు అది తెగ నచ్చింది. "మాట్లాడుకోండి, బాగా మాట్లాడుకోండి" అన్నారు. పాపం, ఏ నోటికి అనుమతి ఇస్తున్నారో ఆవిడకు తెలియలేదు.

ఇక ఆ ఫైనల్ సంగతి. కాలేజీల మధ్య పోటీ, మా మైదానంలోనే, ఊరంతా చూస్తోంది. రిఫరీ సార్ సన్నగా, పొడుగ్గా ఉన్నారు. మెడ మరీ పొడుగు. టాస్ వేస్తూ ఆయన మాట్లాడిన తమిళం విని తమిళం మాస్టారే అనుకున్నాను. ఇంకేం భయం? ఆయన నెట్టు పక్కన ఎత్తుపీట ఎక్కి నిలబడగానే మొదలుపెట్టాను.

"చూడే కస్తూరీ, కొంగకు ఈల కట్టి నిలబెట్టినారు."

"సుమ్మా ఉండే, నోరు ముయ్యి! నవ్వొస్తే నాకు చేయి వణుకుతాది."

రెండో సెట్లో ఒక బంతి లైను మీద పడిందన్నారు సార్. నేను చేతులు వెనక్కి కట్టుకుని, తల వంచి, చిరునవ్వుతో కస్తూరికి చెప్పాను. "మెడ అంత పొడుగుండాది గానీ, కండ్లు లైను దాకా రాలేదే."

మూడో సెట్లో, "ఇంటికాడ భార్య నోరెత్తనీదేమో, ఈడికొచ్చి ఊదుకుంటాడు పావం" అన్నాను.

నాలుగో సెట్లో, "మీసానికి రంగేసినాడు చూడు. తలకు చాలలేదు" అన్నాను.

ఇవన్నీ ఎంత వినయంగా అన్నానో మీరు చూసి ఉండాల్సింది. చొక్కా దోపుకుని, చేతులు కట్టుకుని, ఒక్కోసారి సార్ వైపు చూసి తల కూడా ఊపాను. ఆయన కూడా తల ఊపారు. బెంచీ మీద పీడీ మేడమ్ పక్కావిడతో "ఈ పిల్ల ఎంత మారిపోయిందో చూశారా" అంటున్నారు. ఆ మాట నాకు వినపడి ఇంకా హుషారొచ్చింది.

సెట్లు రెండు రెండు. చివరి సెట్టు పదిహేను పాయింట్లకు, అయితే రెండు పాయింట్ల తేడా ఉండాలి. మేం పద్నాలుగు, వాళ్ళు పదమూడు. ఒక్క పాయింటు! నాకు ఒంట్లో ఏ భాగమూ ఒకచోట లేదు. అవతలి పిల్ల ఎగిరి కొట్టింది. నేను నెట్టు దగ్గర రెండు చేతులూ ఎత్తి ఎగిరాను. బంతి నన్ను దాటి, మా వెనక గీత కూడా దాటి బయట పడింది. ఎవరికీ తగలకుండా బయట పడితే పాయింటు మాది. సార్ ఈల ఊది మావైపు చెయ్యి చూపించారు. అయిపోయింది, గెలిచేశాం! జనం కేకలు, డప్పులు, మా పిల్లలు ఒకరి మీద ఒకరు.

కానీ ఆ బంతి నా చిటికెన వేలికి గీసుకుని పోయింది. తగిలిన బంతి బయట పడితే పాయింటు వాళ్ళది. ఆ సంగతి ఈ లోకంలో తెలిసింది నా చిటికెన వేలికీ నాకూ మాత్రమే. నేను నోరు మూసుకుని ఉంటే ఈపాటికి మా కాలేజీ గాజు బీరువాలో పెద్ద కప్పు ఉండేది. నోరు మూసుకునేది నేనా?

కస్తూరి రెండు భుజాలూ పట్టుకుని, డప్పుల్లో వినపడదేమోనని గొంతు చించుకుని అరిచాను. "నా చిటికెన వేలికి తగిలిందే! కొంగ చూడలే! నోరు తెరవొద్దు, చేతులు కలిపేసి పోదాం దా!"

అరిచింది ఎక్కడ నిలబడి అనుకున్నారు? సరిగ్గా ఆ ఎత్తుపీట కింద.

ఈల మోగింది. సార్ ఒక చెయ్యి నిలబెట్టి, రెండో చేత్తో ఆ వేళ్ళ కొసలు తుడిచినట్టు చూపించారు. వాలీబాల్‌లో దానికి ఒకటే అర్థం, బంతి తగిలింది అని. పాయింటు వాళ్ళకు. పద్నాలుగు, పద్నాలుగు. మా వాళ్ళ గంతులు గాల్లోనే ఆగిపోయాయి.

"ఆయనకు ఎట్ల తెలిసెనే?" అంది కస్తూరి, రంగు పోయిన ముఖంతో.

అప్పటికైనా నాకు బుద్ధి రావాలి కదా? రాలేదు. "ఏమో. కొంగకు ఇప్పుడే కండ్లొచ్చినట్టుండాది" అన్నాను.

ఆ పొడుగు మెడ మెల్లగా కిందికి వంగింది. పైనుంచి ఒక మెత్తటి గొంతు, అచ్చం మా కంబం వైపు తెలుగులో, మా చిన్నాన్న మాట్లాడినట్టు, "వచ్చినాయమ్మా. పోయి ఆడు, పొద్దు పోతాంది" అంది.

నాలుగు సెట్లలో నేనన్నవన్నీ వరసగా గుర్తొచ్చాయి. కొంగ. కళ్ళు. భార్య. అయ్యో, మీసం! ఆ మీసం దగ్గర ఆగిపోయాను. బంతి వచ్చి నా గుండెకు తగిలి కింద పడింది, నేను దాన్ని చూస్తూ నిలబడ్డాను. తర్వాతి బంతికి ఎగిరి నెట్టునే కౌగిలించుకున్నాను. పదహారు, పద్నాలుగు. ఓడిపోయాం.

"నాలుగు గంటలకు ఇద్దరూ నా గదికి రండి" అన్నారు పీడీ మేడమ్. ఆవిడ చేతిలో స్కోరు కాగితం లేదు. అది రిఫరీ సార్ దగ్గరుంది.

నాలుగు గంటలకు ఆ గది తలుపు మూసి ఉంది. లోపల సార్ గొంతు వినిపిస్తోంది, మాటలు తెలియడం లేదు. నేను వరండాలో ఆ చివరనుంచి ఈ చివరకు తిరుగుతున్నాను.

"ఒకచోట నిలబడవే, నాకు తల తిరుగుతాది" అంది కస్తూరి.

"లోపల మీసం గురించి చెప్తా ఉంటాడు. మూడో గీత పడిపోయె. రేపే నేను ఊరికి పోతా. తీగలు కట్టేది నేర్చుకుంటా. మా నాయన మొగం ఎట్ల చూసేది?"

"నన్నూ అడుగుతారు కదే. నేను ఏమీ అనలేదు, నవ్వితిని, అంతే. నవ్వేదానికి ఏ భాషా లేదు కదా?"

నాకు నిజంగానే ఏడుపొచ్చింది. మా నాన్న ఆ మూడు పేజీల కింద ఎంత జాగ్రత్తగా సంతకం పెట్టాడో గుర్తొచ్చింది. తలుపు తెరుచుకుంది.

మేడమ్ బల్ల మీద స్కోరు కాగితం, పక్కనే ఎర్ర పెన్ను. సార్ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. మేడమ్ కాగితం ఎత్తి చదివారు.

"గెలుపు పాయింటు వద్ద, బంతి తన వేలికి తగిలినట్టు ఏడో నంబరు క్రీడాకారిణి తానే స్వయంగా చెప్పింది." ఆవిడ తలెత్తి, పాలగిన్నె పక్కన ఉపవాసం చేస్తున్న పిల్లిని చూసినట్టు నన్ను చూశారు. "నువ్వా?"

"ఆ... ఆమా మేడమ్" అని అవునన్నట్టు తల ఊపాను.

"గెలుస్తున్న పాయింటు దగ్గరా?"

"ఆమా మేడమ్."

"నోరు తెరిచి చెప్పావా?"

"గట్టిగానే చెప్పింది మేడమ్" అన్నారు సార్, కిటికీ వైపే చూస్తూ, తమిళంలో.

మేడమ్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. పుట్టాక మొదటిసారి దాంట్లోంచి ఏమీ రాలేదు. మేడమ్ ఎర్ర పెన్ను సొరుగులో పడేసి, నీలం పెన్నుతో నా రెండు గీతలూ కొట్టేశారు. "కప్పు పోతే పోయింది. ఈ ఏడు మంచి నడవడి కప్పు నీకే" అన్నారు. ఆ గదిలో భూమి చీలినా నేను సంతోషంగా దిగిపోయేదాన్ని.

బయటికొచ్చాక సార్ వెనకాల పరిగెత్తాను. "సార్, మన్నించండి. మీకు తెలుగు వస్తాదని..."

"మాది కంబం" అన్నారాయన. "మా అమ్మ బస్సులో కండక్టర్ని తెలుగులోనే తిట్టేది, ఎవరికీ తెలియదని. ఆ కండక్టరు మాకే మామ వరస."

"మరి అన్ని మాటలన్నందుకు నాకు శిక్ష కార్డు ఎందుకు చూపించలేదు సార్?"

"కార్డిస్తే ఎందుకిచ్చితినో రాయాల. ఏమని రాసేది? 'నన్ను కొంగ అనె' అని నా చేత్తో నేనే ఇంగ్లీషులో రాసి, కింద సంతకం పెట్టుకునేదా?"

నేను తల దించుకున్నాను. ఆయన రెండడుగులు వేసి ఆగారు.

"కొంగ అంటివి, సరే. మా అమ్మా అదే అంటాది. కానీ ఆ మీసం... అది రంగు కాదమ్మా."

సాయంత్రం బహుమతుల వేళ చప్పట్ల మధ్య బొటనవేలంత కప్పు అందుకుని వచ్చి కస్తూరి పక్కన కూర్చున్నాను. తను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "అంత పెద్ద కప్పు పోగొట్టి దీన్ని తెచ్చినావు. నోరు మూసుకున్న నేను మాత్రం వట్టి చేతుల్తో ఇంటికి పోయేది" అంది. వారం రోజులు నాకు బంతి సరిగా ఎత్తి ఇవ్వలేదు.

ఇప్పుడు నేనే ఒక బడిలో ఆటల టీచర్ని. మా కాలేజీలో నోటీసు బోర్డు మీద నా ఫొటో ఇంకా ఉంది, కింద "నిజాయితీ" అని రాసి. ఏటా కొత్త పిల్లలకు నడవడి గురించి చెప్పమని పీడీ మేడమ్ నన్ను పిలుస్తారు, నేనూ వెళ్ళి ఆవిడ ముందు గంభీరంగా చెప్పి వస్తాను. మీకు మాత్రం అసలు సంగతి చెప్పాను కాబట్టి, మీ ఎదుటే చెయ్యి చాపి ప్రమాణం కూడా చేస్తున్నాను. ఇకమీదట ఆటస్థలంలో నా నోరు నీళ్ళకూ ఊపిరికీ తప్ప తెరుచుకోదు. రిఫరీ ఎవరైనా, మెడ ఎంతున్నా, ఆయన్ను ఏ భాషలోనూ ఏమీ అనను. మరీ ఆగలేక మనసులో అనుకోవలసి వస్తే తమిళంలో అనుకుంటాను. తెలుగులో అనుకుంటే పైకి వినపడుతుందేమోనని నాకు ఇప్పటికీ అనుమానమే.