పెన్నా గట్టు మీద మగ్గం చప్పుడు

దయ్యాల మాట వస్తే మా ఇంట్లో నవ్వేది నేనొక్కదాన్నే. బెంగళూరు పేటలో మాది పట్టు నేసే ఇల్లు. వానాకాలంలో ఖాళీ మగ్గం తనంతట తానే కిర్రుమంటే మా మేనత్త నిప్పుల్లో ఉప్పు వేసేది. చెమ్మకు ఉబ్బిన చెక్క అలాగే మూలుగుతుందని నేను వాదించేదాన్ని. ఇప్పటికీ అదే అంటాను. అందుకే ఇది నమ్మమని ఎవరినీ అడగను. ఆ రెండు రోజులూ డైరీలో ఏం రాసుకున్నానో అదే వరసగా చెబుతాను.

అరవైల్లో మాట. నాకు ఇరవై రెండేళ్లు. బి.ఏ. పూర్తి చేసి ఒక పిల్లల బడిలో పాఠాలు చెప్పేదాన్ని. నా బిడియం గురించి ముందే చెప్పాలి, జరిగినదానికి అది చాలా ముఖ్యం. కొత్తవాళ్లను పలకరించాలంటే నాలుక పిడచకట్టుకుపోయేది. పక్కింట్లో నీళ్లు తోడే చేద అడిగి తెమ్మన్నా గడప దగ్గర నిలబడి ఆ మాట రెండుసార్లు వల్లె వేసుకునేదాన్ని. అమ్మ నా చిన్నప్పుడే పోయింది, అత్త పెంచింది. నా కబుర్లన్నీ పుస్తకాలతోనూ డైరీతోనూ.

అలాంటి నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు కడప జిల్లాలో, గండికోట దగ్గర ఉంది. అక్కడ పెన్నా నది ఎర్రకొండను నిలువునా చీల్చుకుని పోతుంది. రెండు వైపులా గోడ పేర్చినట్టు బండలు, అడుగున ఎక్కడో ఆకుపచ్చటి నీళ్లు. పైన గట్టు మీద నీడనిచ్చే చెట్టు లేదు. ముళ్లకంపలు, రాళ్లు, ఎండ, అంతే. కాలేజీ చివరి ఏడు నలుగురు స్నేహితురాళ్లం పోయి, కోట నుంచి గట్టు వెంబడి మూడు గంటలు నడిచి ఒక చోటు కనిపెట్టాం. లోయ అంచున, చూరులాంటి బండ కింద, నలుగురు పడుకునేంత చదును. ఆ రాత్రి అక్కడే ఉన్నాం. వాళ్లకు కాళ్లనొప్పులు మిగిలాయి. నాకు ఆ చోటు మిగిలిపోయింది.

మళ్లీ పోవాలి, ఒక్కదాన్నే పోవాలి అని ఏడాది పాటు తపించాను. నాయనను అడగడానికి పదిహేను రోజులు పట్టింది. అడిగిన రోజు అత్త చేతిలో చేట కిందపడింది.

“పెండ్లి కావాల్సిన పిల్ల రాళ్లల్లో ఒక్కతే పండుకుంటాదంటనా? నలుగురికి తెలిస్తే ఏమంటారప్పా?”

నాయన మగ్గం గుంటలోంచి కాళ్లు తీయకుండానే అడిగాడు. “ఆడ ఏముండాది పాపా?”

“ఏమీ లేదు నాయనా,” అన్నాను. “అదే బాగుంటుంది.”

ఆయన చాలాసేపు నవ్వాడు. తర్వాత రెండు వేళ్లు చూపించాడు. “రెండు మాటలు. లోయలోకి దిగకూడదు. సోమారం పొద్దున ఇంట్లో ఉండాల. ఏదొకటి తప్పినా మళ్ల నన్నడగొద్దు.”

“పోయి అగచాట్లు పడి రానీ. బుద్ధొస్తాది,” అంది అత్త. “దీనికి ఇదే మొదలు, ఇదే కడ.”

ఇలాంటి ప్రయాణాలు నా బతుకులో ఇంకా ఉంటాయా, ఇదొక్కటేనా అన్నది ఆ రెండు మాటల మీదే ఆధారపడింది. నాకది బాగా తెలుసు.

ఆదివారం పాతసామాన్ల సంతలో మిలిటరీ వాళ్ల వీపు సంచి, తగరపు నీళ్ల సీసా దొరికాయి. లారీలకు వేలాడదీసే కాన్వాసు నీళ్ల సంచి నాయన తెచ్చిపెట్టాడు. అత్త తిట్టుకుంటూనే పులిహోర కలిపింది. మాఘమాసంలో ఒక శుక్రవారం సాయంత్రం రైలెక్కాను. గుంతకల్లులో బండి మారి, ముద్దనూరులో దిగి, బస్సులో జమ్మలమడుగు, అక్కడి నుంచి ఎద్దులబండి మీద కోట. టికెట్ల దగ్గర ఊరి పేరు చీటీ మీద రాసి చూపించాను. “ఒక్క మాట మాట్లాడకుండా ఇంత దూరం వచ్చేశాను!” అని ఆ రోజు డైరీలో ఉంది. ఆ ఆశ్చర్యార్థకం పక్కన ఇంకో రెండు ఉన్నాయి.

కోట దాటాక మేకలు మేపుకుంటున్న ఒక అవ్వ ఎదురైంది. వీపు మీద సంచిని, నన్ను, ఎగాదిగా చూసింది.

“ఒక్కదానివే వచ్చినావా మే? మొగుడు తరిమినాడా?”

తల అడ్డంగా ఊపాను.

“పెండ్లే కాలేదా? అయితే ముందే పారిపోయొచ్చినావు. తెలివిగల్దానివే పో!”

నవ్వొచ్చింది కానీ మాట రాలేదు. ఆమె కొంత దూరం పోయి వెనక్కి తిరిగి అరిచింది. “నీళ్లు జాగ్రత్త మే! ఈన్నుంచి గట్టు మింద చుక్క దొరకదు. నా మేకలు గూడా తాగేదానికి కోటకే వస్తాయి.”

సాయంత్రానికి నా బండ దగ్గరికి చేరాను. ఏడాది కిందట మేం పొయ్యికి పెట్టిన మూడు రాళ్లూ అలాగే ఉన్నాయి. ఎదురుగోడ ఎరుపు నుంచి నారింజకు, ఊదాకు మారుతుంటే గట్టిగా నవ్వాను, పాట పాడాను, వినేవాళ్లు లేరు కదా అని శ్రుతి కూడా చూసుకోలేదు. భయం జాడే లేదు. రాత్రి ఇంట్లో కన్నా బాగా నిద్రపట్టింది.

ఆదివారం తెల్లవారుతూనే సంచి అక్కడే పెట్టి, సూర్యోదయం చూడాలని అంచు వెంబడి పోయాను. ఉత్సాహంలో చాలా దూరం పోయాను. తిరిగి వచ్చేసరికి తొమ్మిదయింది. కోతులు వచ్చి పోయాయి. పులిహోర పొట్లం విప్పి సగం తిన్నాయి, సగం చల్లాయి. కాన్వాసు సంచిని పళ్లతో చీల్చాయి. నీళ్లన్నీ బండ మీదుగా పోయి ఇంకిపోయాయి. తగరపు సీసాలో రెండు గుక్కలున్నాయి. తాగేసి బయల్దేరాను.

మూడు గంటల నడకే కదా అనుకున్నాను. అరగంటకే తల తిరగసాగింది. ఎండ పైనుంచి ఒకటి, బండల్లోంచి ఇంకొకటి. పెదవులు అంటుకుపోతున్నాయి. ఎడమ వైపు లోయ అడుగున నీళ్లు నిండుగా కనిపిస్తూనే ఉన్నాయి. ఒకచోట మేకలు మాత్రమే దిగగలిగేంత సన్నటి దారి కిందికి పోతోంది. నాయన మాట గుర్తుంది. అయినా అంచున కూర్చుని, ఒక కాలు ఆ దారి మీద పెట్టాను. కాలి కింది రాయి జారిపోయింది. అది అడుగున పడిన చప్పుడు చాలాసేపటికి వినిపించింది.

అప్పుడే ఇంకో చప్పుడు వినిపించింది. మగ్గం చప్పుడు.

నేను పుట్టింది ఆ చప్పుడులో. బట్టలు ఉతికే చప్పుడేమో అనుకునే రకం కాదు నేను. ఉతికే దెబ్బ తడిగా చప్పరించినట్టు ఉంటుంది, వరసలో ఉండదు. ఇది వరసలో ఉంది. కాలికింది చెక్క కిర్రుమని, ఒక క్షణం ఆగి, పేక నూలును లోపలికి కొట్టే మెత్తటి దెబ్బ. మళ్లీ కిర్రు, మళ్లీ దెబ్బ. మా ఇంట్లో పేక దారం మోసే నాడె అటూ ఇటూ తగిలి టకటకమంటుంది. ఇందులో ఆ టకటక లేదు. దెబ్బ కూడా పట్టు మీద దెబ్బంత తేలిగ్గా లేదు, బరువుగా ఉంది. గట్టుపైనే, కుడివైపు గుట్టలాంటి బండల వెనక నుంచి వస్తోంది.

నాకు వింతగా అనిపించలేదు. ఇది గమనించాలి. ప్రాణం లేచొచ్చింది. మగ్గం ఉంటే ఇల్లుంటుంది. ఇల్లుంటే నీళ్లుంటాయి. అన్నిటికన్నా ముఖ్యం, అది మావాళ్ల ఇల్లు. ఈ లోకంలో నేను సిగ్గుపడకుండా అడుగుపెట్టగలిగిన గడప ఏదైనా ఉందంటే అది నేసేవాళ్లదే. ఇంకెవరి ఇల్లయి ఉంటే ఆ ఎండలో నేను బయటే తచ్చాడుతూ పడిపోయేదాన్ని. కాలు వెనక్కి లాక్కుని లేచి ఆ వైపు నడిచాను.

దగ్గరయ్యే కొద్దీ చప్పుడు తేటపడింది. బండల మలుపు ఇవతల నిలబడి, ఒక్కసారి కూడా వల్లె వేసుకోకుండా, గట్టిగా అడిగాను. “అన్నా, రవంత నీళ్లిస్తారా?”

చెక్క కిర్రుమంది. దెబ్బ పడలేదు. గడపలో మనిషి అలికిడయితే చెయ్యి గాల్లోనే ఆపే నేతగాడిలా, మధ్యలో ఆగిపోయింది.

మలుపు తిరిగాను. ఇల్లు లేదు, మగ్గం లేదు, మనిషి లేడు. ఒక బండ చూరులా వంగి ఉంది. దాని నీడలో నేల మీద రాయి తొలిచి చేసిన గుంట. రెండు జానల వెడల్పు, అంతకు మించి పొడుగు. ఒక అంచు మనిషి కూర్చుని కూర్చుని అరిగినట్టు నున్నగా ఉంది. అటూ ఇటూ గుంజలు నిలిపే రంధ్రాలు. నేసేవాళ్లు కాళ్లు పెట్టుకునే గుంట అది. మా ఇంట్లోదానికి దీనికి తేడా ఒక్కటే. ఇందులో నిండా నీళ్లున్నాయి.

అడుగు కనిపించేంత తేటగా, చల్లగా ఉన్నాయి. బోర్లా పడుకుని తాగాను. మొహం కడుక్కున్నాను. సీసా నింపుకున్నాను. చుట్టూ దుమ్ములో నా అడుగులు తప్ప ఇంకేవీ లేవు. అది చూశాను, చూసి కూడా భయపడలేదు. లేచి, ఇంట్లో వాళ్లకు చెప్పినట్టే, “పోయొస్తానన్నా,” అన్నాను.

ముప్పై అడుగులు వేశానేమో. వెనక నుంచి రెండు దెబ్బలు వినిపించాయి. చిన్నవి, వేలితో తట్టినట్టు. ఒక్క క్షణం ఆగి, కిర్రుమని, నిండు దెబ్బ పడింది. వరస మళ్లీ మొదలైంది.

అప్పుడు వేసింది భయం.  కానీ దాంతోపాటే ఏదో ఎగిరి గంతేయాలన్నంత సంబరం. ఆ రెండూ ఒకేసారి ఎలా కలుగుతాయో నాకు తెలియదు. వెనక్కి చూడకుండా నడిచాను. చాలా దూరం వరకు వినిపించింది.

కోట దగ్గర అదే అవ్వ, అదే మేకలు. ఈసారి నేనే పలకరించాను. “అవ్వా, గట్టు మీద నేసేవాళ్లెవరైనా ఉన్నారా?”

“మూగదానివనుకుంటినే!” అంది. “మగ్గాలు జమ్మలమడుగులో ఉండాయి. గట్టు మింద బల్లులుండాయి.” నా సీసా తడిసి ఉండటం చూసింది. “నీళ్లేడివి నీకు?”

సీసా ఆమె చేతికిచ్చాను. ఒక గుక్క తాగి, నోట్లోనే కాసేపు ఉంచుకుని మింగింది. ఎక్కడివో చెప్పాను. ఆమెకు కోపం వచ్చింది. “నలభై ఏండ్లుగా తిరగతాండా ఈ గట్టు మింద. ఆ గుంట నాకు తెల్దా? వానాకాలంలో గూడా నీళ్లు నిలవవు దాంట్లో. నాకియ్యని నీళ్లు, నిన్న వచ్చినదానికి ఇచ్చిందా?” సీసా మాత్రం మళ్లీ అడిగి తాగింది.

సోమవారం పొద్దున అత్త కాఫీ కలుపుతుండగా ఇంటికి చేరాను. దాచాలనిపించలేదు. కోతులు, మేకల దారి మీద పెట్టిన కాలు, గుంట, అన్నీ చెప్పేశాను. అత్త రెండు చేతులూ జోడించి, “ఇంక చాలప్పా. దీన్ని గడప దాటనియ్యొద్దు,” అంది.

నాయన నవ్వుతూనే విన్నాడు. ఎండదెబ్బకు ఎన్నయినా వినిపిస్తాయన్నాడు. “నీ చెవుల్లో మన మగ్గమే ఉండాది పాపా. అదే ఆడ మోగింది.”

“మనది కాదు నాయనా. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఇలా తట్టింది.” డైరీ మీద వేలితో రెండుసార్లు మెల్లిగా తట్టి, ఆగి, గట్టిగా ఒకటి కొట్టాను.

నాయన నవ్వు ఆగిపోయింది.

“ఎవరు చెప్పినారు నీకు ఇది?”

ఎవరూ చెప్పలేదన్నాను. ఆయన మగ్గం వైపు తిరిగి చూశాడు. తర్వాత చెప్పాడు. మా ముత్తాత బెంగళూరుకు రాకముందు నేసింది పట్టు కాదు, ముతక నూలు. నూలును తడిపి నేసేవాళ్లు, నాడె చేత్తో విసిరేవాళ్లు. పని మధ్యలో ఆపితే నేత అంచు ఆరిపోతుంది. అప్పుడు నీళ్లు చిలకరించి, రెండుసార్లు మెల్లిగా తట్టి, ఆ తర్వాతే నిండు దెబ్బ వేసేవాళ్లు. నాయన చిన్నతనంలో, ఇంకా సొంతూళ్లో ఉండగా, ఆ ముసలాయన చేస్తుంటే చూశాడట. పట్టు మగ్గాల మీద ఆ పని లేదు. మా ఇంట్లో నేను పుట్టాక ఎవరూ చేయలేదు, ఎవరూ చెప్పలేదు.

నాకు తెలియని సంగతిని ఎలా ఊహించుకుంటాను? ఎండదెబ్బకు ఉన్నవి కలగాపులగం కావచ్చు. లేనిది ఎక్కడి నుంచి వస్తుంది?

“చూసినావా? ఏదో ఉండాది ఆడ,” అంది అత్త. “ఇదే కడ అని చెప్పు దానికి.”

నాయన లేచి మగ్గంలోకి దిగాడు. “లోయలోకి దిగలేదు. సోమారం పొద్దునకి వచ్చింది. మాట తప్పలేదు కదక్కా,” అన్నాడు. “అదిగాక, ఇది నోరు తెరిచి నీళ్లడిగిందంట. ఇంక యాడికి పంపినా బతుకుతాది.”

ఆ తర్వాత నాలుగేళ్లలో మూడుసార్లు పోయాను, మూడుసార్లూ ఒక్కదాన్నే. ఆ గుంట అక్కడే ఉంది. ఒకసారి మంచి వానలు పడిన వారానికి పోయాను. అప్పుడు కూడా అడుగున పొడి దుమ్ము, ఎండిన మేక పెంటికలు. చెయ్యి పెట్టి చూశాను, పక్కనే పగులు, నీళ్లు పోసి చూస్తే ఒక్క నిమిషం నిలవలేదు. అవ్వ చెప్పింది నిజమే. అలాంటి గుంట ఆ మాఘమాసపు ఎండలో అంచుదాకా ఎలా నిండిందో, ఆ నీళ్లు అవ్వా నేనూ ఎలా తాగామో నేను చెప్పలేను.

దయ్యాలను ఇప్పటికీ నమ్మను. ఇప్పటికీ అక్కడికి పోతుంటాను, మూడు సీసాల నీళ్లు మోసుకుపోతాను, అవసరమేమీ ఉండదు. అయినా ఆ మలుపు దగ్గర నిలబడి, ప్రతిసారీ గట్టిగా అడుగుతాను. “అన్నా, రవంత నీళ్లిస్తారా?”

ఇంతవరకు ఏ చప్పుడూ రాలేదు. కాసేపు చూసి, పోయొస్తానని చెప్పి వస్తాను.