తొజామా రేడియో నడిపిన రోజు

దక్షిణాఫ్రికాలోని ఆ కొండల్లో తొజామా మకెలేని అనే ఆమె మొహం కంటే గొంతే ఎక్కువమందికి తెలుసు. పంతొమ్మిదేళ్లపాటు ఆమె పోస్టాఫీసు వెనక గదిలో టెలిఫోన్ ఎక్స్‌ఛేంజి నడిపింది. "నంబరు చెప్పండి" అని అడగడం, ఒక తీగ పీకి ఇంకో రంధ్రంలో గుచ్చడం, అంతే పని. పెళ్లి కబుర్లు, చావు కబుర్లు, ఉన్ని ధరలు అన్నీ ఆమె వేళ్ల మీదుగానే పోయేవి. ఆ తర్వాత దానంతటదే లైను కలిపే యంత్రం వచ్చింది. తొజామా వెళ్లి సహకార సంఘం దాణా దుకాణంలో బిల్లుల బల్ల వెనక కూర్చుంది.

ఆ దుకాణానికే ఒకరోజు ఊమ్ ఖెరిట్ గొర్రెల మందు కోసం వచ్చాడు. పక్క లోయలో రైతు, అప్పటికే డెబ్బై దాటాయి. ఊళ్లో తెల్లవాళ్లూ నల్లవాళ్లూ అందరూ ఆయన్ని ఊమ్, అంటే బాబాయ్, అనే పిలుస్తారు. తొజామా "ఇంకేం కావాలండీ?" అనగానే ఆయన తల పైకెత్తాడు.

"ఈ గొంతు నాకు తెలుసు. మా నాన్న పోయిన రోజు కేప్ టౌన్‌లో మా అన్నకి లైను కలిపింది నువ్వే కదూ?"

"నేనే. మూడుసార్లు కలిపాను. మీ అన్నగారు ఎత్తలేదు."

"నాలుగోసారి ఎత్తాడు."

"అది నేను మీకు చెప్పకుండా కలిపింది ఊమ్."

ఆయన మందు డబ్బా బల్ల మీద పెట్టాడు. ఆ తర్వాత, "నీలాంటిది ఇక్కడ బిల్లులు రాయడమేంటి? ఆదివారం మా ఇంటికి రా, ఒకటి చూపిస్తా" అన్నాడు.

ఆయన చూపించింది హామ్ రేడియో. వరండా గదిలో బల్ల నిండా పెట్టెలు, ఇంటి కప్పు మీద కర్రలకు కట్టిన తీగలు. ఫోన్లు పనిచేయనిచోట, వరదొచ్చి స్తంభాలు కూలినప్పుడు, ఇష్టంకొద్దీ ఉచితంగా కబుర్లు మోసే మనుషుల పని అది. తొజామా ఆ రోజు చీకటి పడకముందే ఇంటికి చేరాలనుకుంది కానీ, నమీబియా నుంచి ఎవరో "గుడ్ ఈవెనింగ్ మేడమ్" అనేసరికి కుర్చీలోంచి లేవలేకపోయింది. రేడియో లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పి మూడోసారి పాసైంది. అప్పటికి ఆమెకు యాభైరెండేళ్లు.

తొజామాను సిసీ, అంటే అక్కా, అని పిలిచే చెల్లెలు నొంజామెకు ఇది బొత్తిగా మింగుడుపడలేదు. "డబ్బు కట్టి, పరీక్ష రాసి మరీ మాట్లాడేవాళ్లని నిన్నే చూశాను సిసీ. ఇంట్లో మాట్లాడటానికి నేను లేనా?"

"నీతో ఏం మాట్లాడను? మా రేడియోవాళ్లు మాట ముగియగానే 'ఓవర్' అంటారు, నువ్వు మొదలుపెడితే ఆ మాటే అనవు కదే."

ఏటా డిసెంబరులో ఆ కొండల మీద యాభైరెండు కిలోమీటర్ల పరుగు పందెం జరుగుతుంది. దారి పొడవునా ఆరు మజిలీలు. ఎక్కడా ఫోన్ సిగ్నల్ ఉండదు. ఒక్కో మజిలీలో ఒక రేడియో మనిషి కూర్చుని, వచ్చినవాళ్ల నంబర్లు రాసుకుని ఊళ్లోకి చెప్పాలి. ఊళ్లో టౌన్ హాలులో ఊమ్ ఖెరిట్ ఉండి అన్నీ రాసుకుంటూ, ఎవరు ఎప్పుడు మాట్లాడాలో చెప్పేవాడు. తొజామా ఆరేళ్లుగా మూడో మజిలీలో కూర్చుంటోంది.

ఆ ఏడు పందెం తెల్లవారుజామున ఊమ్ ఖెరిట్ మెడకు ఉన్ని మఫ్లర్ చుట్టుకుని హాలుకొచ్చాడు. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి తొజామా ముందు పెట్టాడు: "గొంతు పోయింది. ఇవాళ నువ్వే."

పందెం నడిపించే ప్రెస్టన్ అనే యువకుడు పెద్ద నగరం నుంచి వచ్చినవాడు. పూల గౌను, దాని మీద స్వెటర్, తలకు గుడ్డ కట్టుకున్న తొజామాను, ఆమె చేతిసంచిలోంచి బయటికి పొడుచుకొస్తున్న ఫ్లాస్కును మార్చి మార్చి చూశాడు. "ఆంటీ, ఇది మూడు వందల పధ్నాలుగు మంది ప్రాణాల సంగతి."

"తెలుసు బాబూ. ఇంతకుముందు నాలుగు వందల ఇళ్లు నా చేతిలో ఉండేవి. అక్కడెక్కడా ఎవరూ పరిగెత్తేవాళ్లు కాదు, అదొక్కటే తేడా. టీ తాగుతావా?"

పదకొండు గంటలదాకా అంతా సాఫీగా సాగింది. ఆ తర్వాత మేఘం కొండ మీద కూర్చుంది. నాలుగో మజిలీ నుంచి ఎంజువండిలే టీచర్ గొంతు వినిపించింది. ఆయన గుర్రం మీద కొండెక్కి, అక్కడ గుడారం వేసుకున్న బడిపంతులు.

"మామ్ తొజామా, ఇక్కడ పొగమంచు. నా గుర్రం తోకే నాకు కనబడటం లేదు. వాన కూడా మొదలైంది. ఓవర్."

"తల కనబడుతోందా టీచర్? అది చాలు. మూడో మజిలీ దాటి మీకు రానివాళ్లెంతమంది? ఓవర్."

లెక్కేస్తే తొమ్మిదిమంది తేలారు. అందరూ వెనకబడి పరిగెత్తేవాళ్లే. ముప్పావు గంట గడిచినా ఒక్కరూ రాలేదు. ప్రెస్టన్ మొహం పాలిపోయింది. "దారి పొడవునా ఎర్ర రిబ్బన్లు కట్టాం. తప్పిపోవడానికి వీల్లేదు."

తొజామా మూడో మజిలీని అడిగింది. ఆమె బదులు అక్కడ రేడియో పట్టుకుని కూర్చున్న ట్రక్కు డ్రైవరు కాస్త దూరం నడిచి చూసొచ్చి చెప్పాడు. "రిబ్బన్లు లేవు మామ్. మేకలున్నాయి. ఒకదాని నోట్లోంచి ఎర్రగా వేలాడుతోంది. ఓవర్."

హాలులో ఎవరో పకాలున నవ్వి, ప్రెస్టన్ని చూసి ఆపుకున్నారు. తొజామా నవ్వలేదు. మేకలు మేసిన చోట దారి రెండుగా చీలుతుంది. కుడివైపుది నాలుగో మజిలీకి పోతుంది. ఎడమది శిఖరం చుట్టూ తిరిగి ఎంకొబొలా అనే చిన్న ఊరికి దిగుతుంది. వానలో, రెండు వేల అయిదు వందల మీటర్ల ఎత్తున, పలచటి చొక్కాలతో తొమ్మిదిమంది. ఆమె బటన్ నొక్కింది.

"అన్ని స్టేషన్లకూ చెబుతున్నాను. నేను పిలిచేదాకా ఎవరూ మాట్లాడొద్దు. టీచర్, గుర్రం ఎక్కండి, దారి దానికి తెలుసు. ఎడమ దారికి అడ్డంగా వెళ్లి ఎంకొబొలాకి దిగండి. ఊరి పైన గొర్రెల దొడ్డి గోడ ఎక్కితే మీ చేతి రేడియో అందుతుంది. ఓవర్."

తర్వాతి నలభై నిమిషాలు రేడియోలో గరగర తప్ప ఏమీ లేదు. తొజామా చల్లారిన టీ కప్పును రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. ఊమ్ ఖెరిట్ పక్క కుర్చీలో కూర్చుని గోడ గడియారాన్ని చూస్తూ ఉండిపోయాడు.

అప్పుడు టీచర్ గొంతు వచ్చింది. వెనకాల చప్పట్లు, ఈలలు, ఆడవాళ్ల కేకలు.

"మామ్, దొరికారు! ఇక్కడ విందు జరుగుతోంది. మగపిల్లలు పెద్దవాళ్లయ్యే దీక్ష ముగించుకుని కొడుకులు ఇంటికొచ్చారని ఎద్దును కోశారు. మనవాళ్లు దుప్పట్లు కప్పుకుని మాంసం తింటున్నారు. ఒకాయన డాన్సు చేస్తున్నాడు. రమ్మంటే రానంటున్నాడు. ఓవర్."

హాలంతా ఒక్కసారిగా అరిచింది. తొజామా చెయ్యెత్తి ఆపింది. "ఎంతమంది? లెక్కపెట్టి చెప్పండి. ఓవర్."

కాస్త ఆగి, "ఎనిమిది. ఓవర్."

రానిది ఎనభై ఎనిమిదో నంబరు. డెలియా ఆరెండ్స్, వయసు యాభైతొమ్మిది, దక్షిణాఫ్రికా తీరంలోని ఈస్ట్ లండన్‌లో లైబ్రరీ ఉద్యోగి, మొదటి పందెం. మిగతావాళ్లు ఆమెను చివరిసారి చూసింది రాతివాలు పైన. మోకాలు పట్టేసిందనీ, మెల్లగా వస్తాననీ చెప్పిందట. ఆ వాలుకు ఒక పక్క ఊరు, ఇంకో పక్క లోయ.

"నేనే పైకెళ్లి వెతుకుతాను" అన్నాడు టీచర్.

"ఆ రాళ్లలో గుర్రం రాదు. పొగమంచులో ఒక్కరే వెళితే రెండో మనిషిని కూడా వెతకాల్సొస్తుంది" అంది తొజామా. టీచర్ వెనక నుంచి ఆడవాళ్ల పాట ఆగకుండా వినబడుతూనే ఉంది. తొజామా ఒక్క క్షణం కళ్లు మూసుకుని విన్నది. "టీచర్, ఆ పాడేవాళ్లు ఎంతమంది?"

"నలభై మంది ఉంటారు. పొద్దుటి నుంచీ ఇదే గోల."

"వాళ్ల పెద్దామెను పిలవండి."

రేడియో చేతులు మారిన చప్పుడైంది. "హలో? ఇందులోకే మాట్లాడాలా? నేను నొఫెజిలె తల్లిని. నువ్వెవరు?"

"తొజామాని అమ్మా. పోస్టాఫీసు తొజామాని."

"ఆఁ! మా పెద్దోడి ఉద్యోగం కబురు చెప్పింది నువ్వే! ఏం కావాలి బిడ్డా?"

"మీ పాట కావాలమ్మా. అందరూ వరసగా నిలబడి, చేతులు పట్టుకుని, పాడుకుంటూ వాలు మీదికి నడవండి. మనిషికీ మనిషికీ చెయ్యి విడవకండి. అక్కడ తప్పిపోయిన ఒకావిడకి ఈ పొగమంచులో కళ్లు పనిచెయ్యవు, చెవులు పనిచేస్తాయి. పది అడుగులకోసారి ఆగి వినండి."

"ఎద్దు మాంసం చల్లారిపోతుందే!"

"నేనొచ్చి వేడి చేసి పెడతాను."

టీచర్ రేడియో బటన్ వదలకుండా నొక్కి పట్టుకున్నాడేమో, ఆ పాట టౌన్ హాలులోకి కూడా వచ్చేసింది. నలభై గొంతులు, చప్పట్లు, మధ్యమధ్య సన్నటి కేకలు. ఊమ్ ఖెరిట్ గబగబా కాగితం మీద రాసి తొజామా ముందుకు తోశాడు: "మన రేడియోలో సంగీతం నిషేధం!"

"ఇది సంగీతం కాదు ఊమ్" అంది తొజామా, రేడియో మీంచి కళ్లు తిప్పకుండా. "దారి చూపించే గుర్తు. దీన్నయితే మేకలు తినలేవు."

ఊమ్ ఖెరిట్ శబ్దం లేకుండా నవ్వి, నవ్వి, దగ్గు తెచ్చుకున్నాడు.

పాట దూరమైంది, ఆగింది, మళ్లీ మొదలైంది. మూడోసారి ఆగినప్పుడు టీచర్ గుసగుసగా, "ఎవరో ఈల వేశారు" అన్నాడు. అంతే, పాట ఈసారి పరుగు అందుకుంది. రాళ్లు దొర్లిన చప్పుడు, ఎవరో ఎవరినో తిట్టిన చప్పుడు. ఆ తర్వాత నలభై గొంతులూ ఒకేసారి లేచాయి. రేడియోలోంచి వచ్చిన ఆ కేకకు హాలు కిటికీ అద్దాలు వణికాయి.

"ఎనభై ఎనిమిది దొరికింది. రాయి చాటున కూర్చునుంది. మోకాలు వాచింది, చలికి వణుకుతోంది, అయినా మాట్లాడుతోంది. నలుగురు ఆడవాళ్లు దుప్పట్లో మోసుకొస్తున్నారు. ఓవర్."

తొజామా జవాబు చెప్పబోయింది. పంతొమ్మిదేళ్ల ఎక్స్‌ఛేంజి ఉద్యోగంలో ఏనాడూ తడబడని గొంతు ఆ నిమిషం సహకరించలేదు. ఊమ్ ఖెరిట్ ఆమె చేతిలోంచి మైకు తీసుకుని, తన చీలిన గొంతుతో, కబురు అందిందన్నట్టుగా, "రోజర్" అని ఒక్క ముక్క ఊదాడు.

సాయంత్రం ఎండ మళ్లీ వచ్చాక ఎంకొబొలా నుంచి రెండు ట్రక్కులు దిగాయి. మొదటిదాంట్లో తొమ్మిదిమంది పరుగువాళ్లు, రెండోదాంట్లో ఇరవైమంది ఆడవాళ్లు, మూత కట్టిన ఒక పెద్ద గిన్నె. కట్టు కట్టిన మోకాలితో డెలియా కుంటుకుంటూ వచ్చి తొజామా ముందు నిలబడింది. ఆమెను గట్టిగా వాటేసుకుంది.

"మొదట ఆ పాట విని చచ్చిపోయాననుకున్నాను" అంది డెలియా. "స్వర్గంలో ఇలా పాడతారేమో అనుకున్నా. ఇంతలో ఒకావిడ బూతు తిట్టింది. అప్పుడు తెలిసింది, బతికే ఉన్నానని."

"ఆ తిట్టింది నేనే" అంది నొఫెజిలె తల్లి గర్వంగా. "చెప్పు తెగింది మరి."

ప్రెస్టన్ బహుమతుల బల్ల దగ్గర తొమ్మిదిమందికీ పతకాలు వేశాడు. పెట్టెలో ఇంకొన్ని మిగిలితే, ఆడవాళ్లు వాటినీ వదల్లేదు. నొంజామె హాలు గుమ్మంలో నిలబడి అంతా చూస్తోంది. గిన్నెలోంచి ఒక పళ్లెం నిండా మాంసం వడ్డించి అక్క ముందు పెట్టింది.

"తిను సిసీ. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదంట కదా."

"ఒక్క నిమిషం. నా పని అవ్వలేదు." తొజామా మైకు దగ్గరికి లాక్కుని, ఒక్కో మజిలీనీ పేరుపేరునా పిలిచింది. అందరూ సర్దుకున్నారా, అందరూ కొండ దిగారా అని అడిగింది. ఒక్కొక్కరే జవాబిచ్చి సెలవు తీసుకున్నారు. చివరికి నాలుగో మజిలీ మిగిలింది.

"టీచర్, మీరెక్కడ? ఓవర్."

"ఎంకొబొలాలోనే మామ్. వీళ్లు నన్ను వదలడంలేదు. గుర్రాన్ని కూడా వదలడంలేదు. ఇక రేపే దిగుతా. ఓవర్."

తొజామా నవ్వుతూ రేడియో కట్టేసి పళ్లెం ముందుకు లాక్కుంది.