కొండగట్టుకు మొక్కిన జుట్టు

ముప్పై రెండేళ్లకే నా నెత్తి నున్నబడింది. నుదుటి నుంచి నడినెత్తి దాకా బట్టతల, వెనక మాత్రం దట్టంగా జుట్టు. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తాను. బోర్డు వైపు తిరిగి రాసినంతసేపూ పిల్లలకు నేను కుర్రవాణ్ణి, ఇటు తిరగగానే పెద్దమనిషిని. నవ్వేవాళ్లను నవ్వనీ అనుకునేవాణ్ణి గానీ, పెళ్లిచూపుల్లో నాకు నవ్వు రాలేదు. ఒకచోట పిల్ల నాయనమ్మ నన్ను చూపించి, "ఈయన పిల్లగాని అన్ననా?" అని అడిగింది. బయటికి రాగానే, ఈ బట్టతల తండ్రి నుంచే వచ్చినట్టు, బాపు మీద అరిచాను. ఆయనకు అరవై దాటినా నెత్తి నిండా జుట్టే.

"నా మీద గరమైతే నీకు మొలుస్తయారా?" అన్నాడాయన.

అదీ నిజమే. హైదరాబాదు పోయి, వెనక జుట్టు తీయించి ముందు నాటించుకున్నాను. దిండ్లు ఎత్తుగా పెట్టుకుని కొన్నాళ్లు సగం కూర్చునే నిద్రపోయాను. మూడో వారంలో నాటినవన్నీ రాలడం మొదలుపెట్టాయి. పైవి రాలతాయి, కుదుళ్లు లోపలే ఉంటాయి, కొన్ని నెలలకు మళ్లీ మొలుస్తాయి అని డాక్టర్ ముందే చెప్పాడు. నేను నమ్మాను. నన్ను కన్న అవ్వ నమ్మలేదు. దిండు మీది వెంట్రుకలు ఒక్కొక్కటీ ఏరుతూ, "నాటేసిన నారంత కొట్టుకపాయె గదరా" అని కళ్లు తుడుచుకుంది.

ఏడాది తిరిగేసరికి వచ్చింది జుట్టు. అబ్బ, దువ్వెన కొనుక్కున్న ఆ రోజు! పాపిట ఎడమకు తీసి, చెరిపి, కుడికి తీసి, ఇంట్లో అద్దం ఇంకెవరికీ దక్కనివ్వలేదు. పెట్రోల్ బంకులో కూడా హెల్మెట్ తీసి దువ్వుకున్నాను. సిగ్గులేదనుకోండి, నాకేం. సంబంధం కూడా కుదిరింది. పెళ్లి ఇంకా నాలుగు నెలలుందనగా అవ్వ తాపీగా చెప్పింది.

"కొండగట్టుకు పోవాలె. గప్పుడు రాలినప్పుడు అంజన్నకు మొక్కిన. నా కొడుక్కు ఎంటికలు మొలిస్తే గుండు కొట్టిపిస్త అని."

"ఓ అవ్వా! కొబ్బరికాయ మొక్కరాదా?"

"ఎంటికలడిగి కొబ్బరికాయ ఇస్తరారా ఎవలన్న?"

నాకు ఒళ్లు మండిపోయింది. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. కోపం కంటే భయం ఎక్కువ. గీయించాక మళ్లీ రాకపోతే ఏ ముఖం పెట్టుకుని పెళ్లిపీటల మీద కూర్చోవాలి? డాక్టర్‌ను అడగొచ్చు గదా అంటారేమో. అడిగితే ఏం పర్వాలేదంటాడేమోనని అడగలేదు. అవ్వ మాత్రం మొక్కు తీరనిదే పెళ్లి లేదని కూర్చుంది. సరే, పోయాం.

కొండ మీద గుండ్లు కొట్టే చోట నా వంతు వచ్చింది. గుండు కొట్టే ఆయన కత్తికి కొత్త బ్లేడు వేస్తుంటే పీట మీంచి లేచాను. "అవ్వా, ఒక్కసారి డాక్టర్‌ను అడిగొస్త" అని బయటికి ఉరికాను. ఒక చేత్తో కోతిని అదిలిస్తూ ఫోన్ చేశాను. "ఏడాది దాటింది గదా, నిశ్చింతగా గీయించుకోండి. కుదుళ్లకేం కాదు, మళ్లీ వస్తాయి" అన్నాడు డాక్టర్. ఆ ముక్క చెప్పాలని గబగబా లోపలికి వచ్చాను.

నా పీట మీద అవ్వ కూర్చుని ఉంది. తల తడిపి, వంచి ఉంది. అప్పటికే సగం గుండు అయింది. నెరిసిన జుట్టు ఒళ్లో పడి ఉంది.

"అవ్వా! ఏం జేస్తున్నవ్?"

"మొక్కింది నేను గదరా. నాదిస్తే అంజన్న వద్దంటడా? పెండ్లి పిల్లగానివి, నీది ఉండనీ. రాక రాక వచ్చినయి." తల ఎత్తకుండానే అడిగింది, "ఇంతకు డాక్టర్ ఏమన్నడు?"

ఈ మనిషితోనా రెండు రోజులు మాట్లాడకుండా ఉన్నానని నా మీద నాకే అసహ్యం వేసింది. పక్క పీట మీద, గుండు కొట్టే ఇంకో ఆయన ముందు కూర్చున్నాను.

"ఏం గాదన్నడవ్వా. మల్ల వస్తయన్నడు."

"ముందుగాల చెప్పద్దారా!" అని అవ్వ ఆ సగం గుండుతోనే పకపకా నవ్వింది. నేను తల వంచాను. నా నెత్తిన నీళ్లు పోసి కత్తి అందుకున్న ఆయనతో, నవ్వు ఆపుకుంటూ అంది:

"జర పైలం బిడ్డా. ముంగట మెల్లగ గియ్యి. గవి కొత్తయి."