మల్లెకు చేసినట్టే రోడోడెండ్రాన్‌కీ చేశారు

ఇక్కడ అమెరికాలో, ట్రాయ్‌లో మా ఇంటి ముందు రోడోడెండ్రాన్ అనే పూలపొద ఒకటుంది. దాన్ని నాటింది, ఈ ఇల్లు మాకు అమ్మిన మార్గరెట్ గారి భర్త. ఆయన పోయారు. అది పూసినప్పుడు వచ్చి చూసుకుంటానని ఆవిడ ఇల్లు అమ్మేటప్పుడే అడిగారు. ఏటా మే నెలలో వస్తారు.

ఈ రోజూ వచ్చారు, వాకర్ పట్టుకుని. పొద మీద ఒక్క పువ్వు లేదు, ఆకూ లేదు.

ఆవిడకు ఈసారి ఇంకా ఎక్కువ పూలు చూపిద్దామని మా ఆయన మార్చిలో కొమ్మల చివర్లు కత్తిరించి ఆకంతా దూసేశారు. మైలవరంలో వాళ్ల మల్లెతోటకు ఏటా అలాగే చేసేవారు. ఈ పొదకు మాత్రం మొగ్గలు ముందు ఏడాదే కొమ్మల చివర కడతాయట. అంటే మొగ్గలన్నీ ఆయనే కోసి పారేశారు. పైగా ఆకంతా దూసేస్తే మల్లెలా తట్టుకోలేదట.

"దీనికేమైంది?" అన్నారావిడ.

"ఎక్కువ పూస్తుందని నేనే కత్తిరించాను," అన్నారీయన, తల దించుకుని.

ఆవిడ ఒక కొమ్మను గోటితో గీరి చూశారు. లోపల పచ్చదనం లేదు. "నా కోసమే కదా చేశావు," అని ఆయన చెయ్యి నిమిరి కారెక్కారు. ఎప్పుడూ వెళ్తూ "వచ్చే మేలో కలుద్దాం" అనేవారు. ఈ రోజు అనలేదు.

అప్పటినుంచీ ఈయన అక్కడే నిలబడ్డారు. లోపలికి రమ్మంటే, "రూట్స్ బాగానే ఉన్నాయే, కింద నుంచి చిగురొస్తుందేమో చెక్ చేస్తున్నా," అంటున్నారు.

మీ ఇంట్లో ఇలా మోడైంది మళ్లీ చిగురిస్తే కామెంట్‌లో చెప్పండి. చిగురించకపోతే మాత్రం చెప్పకండి. కామెంట్లు ఆయనా చదువుతారు.